గడ్డి మిషన్ కొంటున్నారా? టూ స్ట్రోకా, ఫోర్ స్ట్రోకా?

బ్రష్ కట్టర్ కొనడానికి షాపుకెళ్తే ముందు వినిపించేవి సీసీలు, రేటు. ఆయిల్ సంగతి బిల్లు రాసేటప్పుడు చెప్తారు, అదీ గుర్తొస్తే. నన్నడిగితే ముందు తేల్చుకోవాల్సింది ఒకటే: ఆ మిషన్లో రోజూ పెట్రోల్ పోసేది ఎవరు?

టూ స్ట్రోక్ ఇంజన్‌లో ఆయిల్‌కు విడిగా చోటుండదు. పెట్రోల్‌తో కలిసి వెళ్లే 2టీ ఆయిలే (టూ స్ట్రోక్ ఇంజన్ల కోసం చేసే ఆయిల్) పిస్టన్‌నీ, బేరింగుల్నీ తడపాలి. ఉత్త పెట్రోల్ పోస్తే కాసేపు మామూలుగానే తిరుగుతుంది, తర్వాత పిస్టన్ పట్టేస్తుంది. పాత చేతక్ స్కూటర్ నడిపినవాళ్లకు చెప్పక్కర్లేదు. చిక్కంతా పాళ్ల దగ్గరే. 1:50 అంటే లీటరు పెట్రోల్‌కు 20 మి.లీ. ఆయిల్, 1:25 అంటే 40. చవకగా దొరికే 52 సీసీ మిషన్లు చాలావాటికి 1:25 చెప్తారు. స్టిల్ కంపెనీ తన సొంత ఆయిల్‌తో అయితే 1:50 అంటుంది. ఆయిల్ తగ్గితే సిలిండర్ గీసుకుపోతుంది, ఎక్కువైతే ప్లగ్గుకూ సైలెన్సర్‌కూ మసి పడుతుంది. "ఓ మూతడు పోసెయ్‌లే" అనే కొలత ఇక్కడ పనికిరాదు. మందుల షాపులో 20 మి.లీ. సిరంజి కొని డబ్బాకే కట్టేయండి. కలిపేది డబ్బాలో, ట్యాంకులో కాదు.

ఫోర్ స్ట్రోక్‌లో ఈ కలిపే బాధ లేదు. పెట్రోల్ తక్కువ తాగుతుంది, పొగ తక్కువ. హోండా జీఎక్స్35నే తీసుకోండి: 35.8 సీసీ ఇంజన్, అందులో ఆయిల్ 100 మి.లీ. మాత్రమే, 10డబ్ల్యూ-30 రకం (అది ఆయిల్ చిక్కదనం చెప్పే గుర్తు). అంటే ఓ టీ గ్లాసుడు. అందులో పావు వంతు తగ్గినా లెక్కే. మిషన్‌ను సమంగా పెట్టి, మూత తీసి, ఆయిల్ అంచుదాకా ఉందో లేదో రోజూ చూడాలి. ఆయిల్‌ను మొదటిసారి 10 గంటలు నడిచాక, ఆ తర్వాత 50 గంటలకు లేదా ఆరు నెలలకోసారి మార్చాలి. అంచు దాటి పోస్తే ఎయిర్ ఫిల్టర్ తడిసి తెల్లపొగ కక్కుతుంది.

రిపేరుకొస్తే టూ స్ట్రోకే సులువు. వాల్వులుండవు, టాపెట్ (వాల్వుల సందు) సర్దే పని ఉండదు, పిస్టన్ మార్చడం ఊళ్లో మెకానిక్‌కైనా తెలుసు.

సొంత మామిడితోటో, కొబ్బరితోటో ఉండి, మీ మిషన్ మీరే పట్టుకునేవారైతే ఫోర్ స్ట్రోకే తీసుకోండి, రెండో మాట లేదు. కూలికిచ్చి చేయించేవాళ్లకు నా ఓటు టూ స్ట్రోక్‌కు. కాకపోతే ఆయిల్ కలిపిన డబ్బా మాత్రమే తోటకు పంపాలి, ఉత్త పెట్రోల్ సీసా గడప దాటకూడదు. టూ స్ట్రోకే ఎందుకంటే, కూలీలు మారుతుంటారు, ఫోర్ స్ట్రోక్‌కు రోజూ ఆయిల్ మూత తీసి చూసే తీరిక ఎవరికీ ఉండదు.

ఏది కొన్నా, ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ పెట్రోల్. అది తేమను లాగుతుంది. సీజన్ అయిపోగానే ట్యాంకు ఖాళీ చేసి, దానంతటది ఆగేదాకా నడపండి. లేదంటే వచ్చే తొలకరికి కార్బురేటర్ విప్పాల్సిందే.

ఇంకోటి. స్టిల్‌లో 4-మిక్స్ అని ఒక రకం ఉంది. ఇంజన్ ఫోర్ స్ట్రోకే, కానీ ఆయిల్ గది లేదు. దానికీ 1:50 కలిపే పోయాలి. నాలుగు అంకె చూసి ఉత్త పెట్రోల్ పోయకండి.