బోర్డు లేని మెస్, రెండు గిన్నెల క్యారేజీ

బరువు తగ్గడానికి జీర్ణాశయాన్ని చిన్నది చేసే స్లీవ్ సర్జరీ నాకు జరిగి 14 నెలలయింది. అప్పుడు 118 కిలోలున్న బరువు ఇప్పుడు 82కు వచ్చింది. ఈ కాలంలో 10 నెలలుగా నా మధ్యాహ్న భోజనం నెల్లూరు దర్గామిట్టలోని ఒక చిన్న మెస్ నుంచి వస్తోంది. ఆ మెస్‌కు బోర్డు లేదు. ఇంటి వెనుక వసారాలో భార్యాభర్తలిద్దరూ కలిసి రోజుకు 40 క్యారేజీలకు మించకుండా వండుతారు. అంతకన్న ఎక్కువ చేయలేమని, తమ పేరు ఎక్కడా రాయవద్దని ఆ ఇంటావిడ కోరినందున నేను రాయడం లేదు. అయినా ఈ సమీక్ష రాయడానికి కారణం ఉంది. నెల్లూరులోనే కాక కావలిలోనూ ఒంగోలులోనూ ఇలాంటి ఇంటి మెస్‌లు ఉన్నాయి. ఈ ఆపరేషన్ చేయించుకుని వచ్చి, వంట చేసుకునే ఓపిక లేక, ఏది తెప్పించుకోవాలో తెలియక తికమకపడేవారికి, అలాంటి మెస్‌తో ఏయే సంగతులు ముందే మాట్లాడుకోవాలో నా అనుభవం నుంచి చెప్పగలను.

మెస్ సంగతికి ముందు నేను చేసిన పొరపాటు చెప్పాలి. ఆపరేషన్ తరువాత మొదటి రెండు వారాలు ద్రవాలే తాగి, ఆ తరువాత మెత్తగా మెదిపినవి, ఆపైన మెత్తని వంటలు తింటూ, సుమారు రెండు నెలలకు మామూలు భోజనానికి వచ్చాను. అప్పటికే కాలేజీలో పాఠాలు చెప్పడం మళ్ళీ మొదలుపెట్టాను కాబట్టి, ఫోన్‌లో ఆర్డర్ చేస్తే 'డైట్ భోజనం' పంపే ఒక సంస్థకు ముందుగానే డబ్బు కట్టాను. వాళ్ళు పంపినది చెడ్డ తిండి కాదు. కీరదోస, క్యారెట్, క్యాబేజీ ముక్కలు, మొలకెత్తిన పెసలు, ముడిబియ్యపు అన్నం ఉండేవి. కడుపు మామూలుగా ఉండి బరువు తగ్గాలనుకునేవారికి అది సరిపోతుంది, ఎందుకంటే తక్కువ క్యాలరీలతో కడుపు నింపడమే దాని ఉద్దేశం. నా అవసరం దానికి పూర్తిగా వ్యతిరేకం. స్లీవ్ సర్జరీలో జీర్ణాశయంలో నాలుగింట మూడు వంతులకు పైగా తొలగిస్తారు. మిగిలిన గొట్టంలాంటి సంచిలో మొదట్లో 100 నుంచి 150 మిల్లీలీటర్లకు మించి పట్టదు. ఆ కాస్త చోటును క్యాబేజీ ఆక్రమిస్తే, రోజుకు కనీసం కావలసిన 60 గ్రాముల ప్రొటీన్‌కు చోటెక్కడ? నాలుగో నెలలో దువ్వెన నిండా జుట్టు రాసాగినప్పుడు భయపడి డైటీషియన్ దగ్గరికి వెళ్ళాను. బరువు వేగంగా తగ్గేటప్పుడు 3 నుంచి 6 నెలల మధ్య జుట్టు రాలడం చాలామందికి ఉంటుందని, ప్రొటీన్ చాలకపోతే అది మరింత ఎక్కువవుతుందని ఆమె చెప్పారు. నేను రాసుకున్న తిండి చిట్టా చూసి, రోజుకు 35 గ్రాములు కూడా అందడం లేదని లెక్క వేసి చూపించారు.

ఆ తరువాతి వారమే మా కాలేజీ అటెండర్ ఈ మెస్ గురించి చెప్పాడు. మొదటి నాలుగు రోజులు అందరికీ వచ్చే నాలుగు గిన్నెల క్యారేజీయే నాకూ వచ్చింది. అందులో అన్నమే ఇద్దరికి సరిపోయేంత ఉండేది. నేను నాలుగైదు చెంచాలు తిని మిగతాది తిప్పి పంపాను. ఐదో రోజు ఆ ఇంటావిడే ఫోన్ చేశారు. "ఏం మేడమ్, కూర బాగలేదా? అంతా అట్నే తిరిగొచ్చిందే" అని అడిగారు. ఆ గొంతులో బాధ వినిపించి, సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళి, ఆపరేషన్ సంగతి దాచకుండా చెప్పి, డైటీషియన్ ఇచ్చిన కాగితం చేతిలో పెట్టాను. ఇంటర్ చదివే వాళ్ళమ్మాయి దాన్ని మొదటి నుంచి చివరి దాకా చదివి వినిపించింది. అంతా విని ఆమె, "అయితే మీకు కూరే అన్నం, అన్నమే కూర అనుకోవాల" అన్నారు. డాక్టర్లు, డైటీషియన్లు నాకు ఎన్నిసార్లు చెప్పినా తలకెక్కని విషయం ఆ ఒక్క మాటతో స్పష్టమయింది. వరిని బట్టే ఊరికి పేరు వచ్చిందని చెప్పుకునే నెల్లూరులో పుట్టి, పళ్ళెంలో ముందు అన్నం, ఆ తరువాతే ఏదైనా అనే అలవాటుతో నలభై ఏళ్ళు గడిపినదానికి, ఆ వరుసను తిరగేయడమే ఈ ఆపరేషన్ తరువాత అన్నిటికన్న కష్టమైన పని.

ఆ మరుసటి సోమవారం నుంచి నాకు రెండు గిన్నెల చిన్న క్యారేజీ వస్తోంది. పై గిన్నెలో రెండు చేప ముక్కలు, ఒక ఉడికించిన గుడ్డు ఉంటాయి. కింది గిన్నెలో ముద్దపప్పో పప్పుకూరో సగం, దాని పక్కన చిన్న గరిటెడు అన్నం ఉంటాయి. ఇంట్లో తక్కెడ మీద తూచి చూస్తే ముల్లు తీసిన చేప 80 నుంచి 90 గ్రాముల దాకా తూగింది. వండిన చేప 100 గ్రాములకు సుమారు 20 గ్రాముల ప్రొటీన్, గుడ్డుకు 6 గ్రాములు లెక్కవేసి, పప్పు కూడా కలుపుకుంటే రోజు అవసరంలో దాదాపు సగం ఈ ఒక్క క్యారేజీలోనే వస్తుంది. దీన్ని నేను ఒకేసారి తినను, తినలేను. పన్నెండున్నరకు చేప, గుడ్డు తిని, నాలుగు గంటలకు స్టాఫ్ రూమ్‌లో పప్పు, అన్నం తింటాను.

ఈ మెస్ బలమంతా చేపలోనే ఉంది. మొదటి నెలల్లో కోడిమాంసం నాకు అసలు పడలేదు. ఎంత నమిలినా పీచు గుండెల దగ్గర పట్టేసినట్టయి, నోట్లో నీళ్ళూరి, లేచి పక్కకు వెళ్ళవలసి వచ్చేది. వాళ్ళ కొరమీను పులుసు అలా కాదు. కొరమీనులో ముళ్ళు తక్కువ, కండ మెత్తన, పైగా పులుసులో నానిన ముక్క వేళ్ళతోనే విడిపోతుంది. నెల్లూరు చేపల పులుసు వండిన రోజుకన్న మర్నాడే రుచి అని మనమంతా చెప్పుకునేదే. నాలాగా కొద్దికొద్దిగా తినేవారికి ఆ గుణం ఎంత పనికొస్తుందో ఇప్పుడు తెలిసింది. మిగిలిన ముక్కను ఇంట్లో ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు ఉదయం వేడిచేసుకుని తింటాను. కొరమీను ధర ఎక్కువ కాబట్టి వారానికి రెండు రోజులే ఇస్తారు, మిగతా రోజుల్లో వంజరం గాని శీలావతి గాని వస్తుంది. శీలావతి వచ్చిన రోజున ముళ్ళు చూసుకుంటూ తినాలి. దానివల్ల నెమ్మదిగా తినడం అలవాటయింది కాబట్టి నేను ఫిర్యాదు చేయలేదు. రొయ్యలు మాత్రం ఎక్కువసేపు వేయించడంతో రబ్బరులా సాగుతున్నాయి. రెండుసార్లు చెప్పినా మార్పు లేదు.

లోపాల్లో మొదటిది కారం, పులుపు. స్లీవ్ తరువాత ఛాతీలో మంట, పులితేన్పులు చాలామందికి వస్తాయి, నాకూ వచ్చాయి. చింతపండుకు తోడు మామిడికాయ ముక్కలు కూడా వేసే పులుసు గ్రేవీని నేను పూర్తిగా తినలేను. నలభై క్యారేజీలకు ఒకే గిన్నెలో కాగే పులుసును నా ఒక్కదానికోసం విడిగా కాయమని అడగడం న్యాయం కాదు. అందుకే ముక్కలు మాత్రం తీసి, పులుసు రెండు చెంచాలే వేసి పంపే ఏర్పాటు చేసుకున్నాం. అది చాలా రోజులు సరిగా జరుగుతుంది, అప్పుడప్పుడు మరిచిపోతారు.

రెండోది చారు ప్యాకెట్. భోజనంతోపాటు నీళ్ళు గాని చారు గాని మజ్జిగ గాని తాగకూడదు, తిన్న తరువాత కనీసం 30 నిమిషాలు ఆగాలి. ద్రవంతో కలిసిన తిండి ఆ చిన్న సంచిలో నిలవకుండా తొందరగా జారిపోతుంది, తృప్తి ఉండదు. క్యారేజీలో చారు కనిపిస్తే ఆ పూటకు చెయ్యి ఆగదు. వద్దని చెప్పాక కూడా చాలాకాలం వచ్చింది. భోజనంలో చారు లేకపోతే ఏదో తక్కువ చేసినట్టు ఆమెకు అనిపించేదట. ఇప్పుడు చారుకు బదులు చిక్కటి పెరుగు చిన్న డబ్బాలో పంపుతున్నారు.

తీపి విషయంలోనూ ఆమె మనసు కష్టపడింది. పండుగనాడు అందరి క్యారేజీల్లో పెట్టినట్టే నా దాంట్లోనూ ఒక మలై కాజా పెట్టారు. నేను మొత్తం తినేశాను. పావుగంటలో గుండె దడ, ఒళ్ళంతా చెమటలు, కళ్ళు తిరగడం. తీపి ఒక్కసారిగా పేగులోకి దిగి నీటిని లాక్కోవడంవల్ల ఇలా జరుగుతుంది. బరువు తగ్గడానికే చేసే మరో ఆపరేషన్ గ్యాస్ట్రిక్ బైపాస్ చేయించుకున్నవారిలో ఇది ఎక్కువ, కాని స్లీవ్ వాళ్ళకూ రావచ్చు. అందులో మెస్ తప్పేమీ లేదు. మాట్లాడిన తరువాత నుంచి పండుగనాడు నా క్యారేజీలో మరో గుడ్డు వస్తుంది.

అన్నిటికన్న పెద్ద ఇబ్బంది శనివారాలు, కార్తీక మాసం. ఆ రోజుల్లో వాళ్ళింట నీచు వండరు. వాళ్ళ ఆచారాన్ని నేను గౌరవిస్తాను. కాని అప్పుడు వచ్చే బంగాళాదుంప వేపుడు, సాంబారుతో నా ప్రొటీన్ లెక్క కూలిపోతుంది. కార్తీకంలో మొదటి రెండు వారాలు ఇబ్బంది పడి, చివరకు నేనే మీల్‌మేకర్ ప్యాకెట్ కొని ఇచ్చాను. ఎండు మీల్‌మేకర్‌లో 100 గ్రాములకు 50 గ్రాములకు పైగా ప్రొటీన్ ఉంటుంది. ముక్కలుగా వండితే పెద్దగా, గట్టిగా ఉండి గొంతు దిగలేదు. నానబెట్టి, పిండి, సన్నగా తరిగి పెసరపప్పుతో కలిపి వండాక బాగుంది. ఇప్పుడది వాళ్ళ శనివారపు వంటల్లో ఒకటైంది, మిగతావాళ్ళు కూడా అడుగుతున్నారని చెప్పారు.

వేళ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ ఎక్కువగా తయారయ్యే భాగాన్నే ఈ ఆపరేషన్‌లో తొలగిస్తారు కాబట్టి మొదటి నెలల్లో ఆకలన్నదే తెలియదు. భోజనం ఎదురుగా కనబడకపోతే సాయంత్రం దాకా గుర్తే రాదు. ఐరన్ మాత్రకూ కాల్షియం మాత్రకూ మధ్య కనీసం 2 గంటల ఎడం ఉండాలి కనుక, భోజనం తప్పితే మాత్రల వరుస కూడా తప్పుతుంది. ఆమె భర్త టీవీఎస్ ఎక్సెల్ మీద పన్నెండు ఇరవైకల్లా కాలేజీ గేటు దగ్గరుంటారు. 10 నెలల్లో ఆలస్యమైనది రొట్టెల పండుగ రోజుల్లో మాత్రమే. బారాషహీద్ దర్గా వైపు దారులన్నీ జనంతో నిండిపోయి రెండు రోజులు ఒకటిన్నర దాటింది. అందుకు వాళ్ళను తప్పుపట్టలేను.

నాకు క్యారేజీకి 90 రూపాయలు తీసుకుంటారు, పెద్ద క్యారేజీ 110. అన్నం తక్కువే కదా, ధర సగం ఉండాలి కదా అని మా ఇంట్లో వాళ్ళు అన్నారు. మిగిలింది చేప, గుడ్డు అయినప్పుడు 90 ఎక్కువేమీ కాదని నా అభిప్రాయం. ఆపరేషన్ జరిగి రెండు నెలలు నిండనివారికి ఈ మెస్ తగదు. వాళ్ళకు మెదిపిన తిండి కావాలి, అది ఇక్కడ చేయలేరు. రాత్రి భోజనం లేదు. బైపాస్ చేయించుకున్నవారు పరిమాణం, తీపి విషయంలో తమ డాక్టర్ కాగితమే చూపించి మాట్లాడుకోవాలి. ఏ మెస్‌తోనైనా ఆపరేషన్ సంగతి సిగ్గుపడకుండా చెప్పడం మంచిది, నేను నాలుగు రోజులు దాచి నాలుగు గిన్నెల తిండి వృథా చేశాను. చేపకు బదులు రెండు గుడ్లు కావాలంటే ముందురోజు రాత్రి 8 గంటలలోపు ఫోన్ చేయాలి. ఆ తరువాత చెబితే, తెల్లవారి మార్కెట్లో ఏ చేప దొరికితే అదే మన గిన్నెలోకి వస్తుంది.