పేరులో కోలన్, పాస్‌వర్డ్‌లో డాలర్: ఎన్‌ఎంసీఎల్‌ఐ ఏళ్ల తరబడి వాడాక

లినక్స్ యంత్రాల్లో నెట్‌వర్క్ పనులన్నీ కొన్నేళ్లుగా ఎన్‌ఎంసీఎల్‌ఐతోనే (nmcli, నెట్‌వర్క్‌మేనేజర్‌ను టెర్మినల్ నుంచి నడిపే కమాండ్) చేస్తున్నాను. వైఫై పేర్లు జనం తోచినట్టు పెట్టుకుంటారు: ఖాళీలు, అపాస్ట్రఫీలు, ఎమోజీలు, తెలుగు. ప్రమాణం ప్రకారం పేరుకు గరిష్ఠంగా 32 బైట్లు, అవి ఏ బైట్లైనా కావచ్చు. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరానికి 3 బైట్లు, గుణింతపు గుర్తుకు మరో 3. కాస్త పొడుగు పేరైతే చోటు చాలదు.

ఎన్‌ఎంసీఎల్‌ఐ ఈ పేర్లను ఇచ్చినవి ఇచ్చినట్టే తీసుకుంటుంది. చిక్కంతా దానికంటే ముందు మన కమాండ్‌ను చదివే షెల్‌తోనే. బ్యాష్ అనే షెల్ డబుల్ కోట్స్ మధ్య డాలర్ కనిపిస్తే వేరియబుల్ అనుకుంటుంది, టెర్మినల్‌లో ఆశ్చర్యార్థకం కనిపిస్తే పాత కమాండ్లలో వెతుకుతుంది. సింగిల్ కోట్స్‌లో పెడితే రెండింటినీ ముట్టుకోదు. పాస్‌వర్డ్‌కి ఆ శ్రమ కూడా వద్దు, ఆస్క్ ఆప్షన్ ఇస్తే అదే అడుగుతుంది, హిస్టరీలోనూ మిగలదు.

వైఫైకే వాడే మరో కమాండ్ డబ్ల్యూపీఏ-సీఎల్‌ఐలో (wpa_cli) ఇంత హాయి లేదు. పేరు చుట్టూ డబుల్ కోట్స్ లేకపోతే దాన్ని హెక్స్ (బైట్లను 0-9, a-f లతో రాసే పద్ధతి) అనుకుంటుంది. ఆ కోట్స్ షెల్ తినేయకుండా బయట మళ్లీ సింగిల్ కోట్స్. ఐడబ్ల్యూ (iw) అనే ఇంకో కమాండ్‌తో చేసే స్కాన్‌లోనైతే తెలుగు పేరంతా హెక్స్ వరసగా వస్తుంది, మనిషి చదవలేడు.

స్క్రిప్టులు రాసేవాళ్లకు మాత్రం ఒక మాట గట్టిగా చెప్పాలి. ఎన్‌ఎంసీఎల్‌ఐలో స్క్రిప్టుల కోసం క్లుప్తంగా ఫలితమిచ్చే టెర్స్ మోడ్‌లో ఫీల్డుల మధ్య కోలన్ ఉంటుంది. విలువలోనే కోలన్ గానీ బ్యాక్‌స్లాష్ గానీ ఉంటే దాని ముందు బ్యాక్‌స్లాష్ చేరుతుంది, దీన్నే ఎస్కేప్ అంటారు. యాక్సెస్ పాయింట్ చిరునామాలో అయిదు కోలన్లుంటాయి కదా, కట్ కమాండ్‌తో కోస్తే ముక్కలైపోతుంది. చాలామంది ఇక్కడే ఎస్కేప్ ఆపేస్తారు. అది ఒక్క ఫీల్డే అడిగినప్పుడు సరే, రెండు మూడు అడిగితే ఏది హద్దో తెలియదు. నాకు బాగా నచ్చిన దారి షెల్‌లోని రీడ్ కమాండే. ఎక్కడ విడదీయాలో చెప్పే ఐఎఫ్ఎస్ (IFS) వేరియబుల్‌కి కోలన్ ఇచ్చి, ఆర్ (-r) ఆప్షన్ లేకుండా వాడితే, బ్యాక్‌స్లాష్ ఉన్న కోలన్ దగ్గర అది విడదీయదు, బ్యాక్‌స్లాష్‌నూ తీసేస్తుంది. సరిగ్గా మనకు కావలసిందే! స్క్రిప్టుల్లో తప్పులు వెతికే షెల్‌చెక్ ఆర్ పెట్టమని హెచ్చరిస్తుంది, ఈ ఒక్కచోట వినకండి.

మాన్యువల్‌లో ఈ నియమం ఉంది గానీ, ఉదాహరణ ఇంకాస్త ముందే కనబడాల్సింది. కనెక్షన్ ఎక్కించడానికి, దించడానికి నేను పేరు బదులు యూయూఐడీనే (ప్రతి ప్రొఫైల్‌కీ వేరుగా ఉండే గుర్తింపు సంఖ్య) ఇస్తాను. ఒకే పేరుతో రెండు ప్రొఫైళ్లున్నా తేడా రాదు.