పచ్చిగా కోయాలా, కాల్చాక అరగదీయాలా? అల్యూమినా, జిర్కోనియా పనిలో ఏది మేలు

అల్యూమినా, జిర్కోనియా రెండూ పొడిని దిమ్మగా బిగించి, కొలిమిలో కాల్చి గట్టిచేసే సిరామిక్‌లు. కాల్చకముందు దిమ్మని పచ్చి అంటారు. డ్రాయింగ్‌లో ఒక అల్యూమినా బుష్ (లోపల రంధ్రమున్న గొట్టంలాంటి భాగం) ఉందనుకుందాం. బయటి వ్యాసం 40 మి.మీ., లోపలి రంధ్రం 30, పొడవు 60. అదే ఇత్తడిదైతే లేత్ ఎక్కించి పని మొదలుపెట్టేయొచ్చు. 99.5 శాతం అల్యూమినా అయితే ముందే మూడు సంగతులు తేల్చుకోవాలి. కొలిమిలోకి వెళ్లకముందు ఎంత కోయాలి? బయటికొచ్చాక ఎంత అరగదీయాలి? నునుపు ఎక్కడ ఆపాలి? ఖర్చు పెరిగినా తగ్గినా, పీసులు చెత్తబుట్టలో పడినా కారణం ఈ మూడింట్లోనే ఉంటుంది.

పచ్చి దిమ్మ మీద పని

అల్యూమినా పొడికి పీవీఏ (పాలీవినైల్ ఆల్కహాల్) లాంటి బైండర్, అంటే పొడిని అంటిపెట్టే జిగురు, రెండు మూడు శాతం కలిపి, అన్ని వైపుల నుంచీ సమంగా నొక్కే ఐసోస్టాటిక్ ప్రెస్‌లో 100 నుంచి 200 మెగాపాస్కల్ ఒత్తిడితో బిగిస్తే వచ్చే దిమ్మ దాదాపు సుద్దముక్కలా ఉంటుంది. గోరుతో గీస్తే గీత పడుతుంది. కుమ్మరి ఆరీ ఆరని కుండ అడుగు చెక్కినట్టే, ఈ దశలో మెట్లు, గాడులు, అడ్డ రంధ్రాలు, మరలు కూడా నిమిషాల్లో అయిపోతాయి. మామూలు కార్బైడ్ టూల్ చాలు. పీసులు వందల్లో ఉంటే పీసీడీ (వజ్రపు రేణువుల్ని అతికించి చేసిన) టూల్ పెట్టుకోవాలి. ఎందుకంటే కార్బైడ్ అంచు మొద్దుబారగానే కోయడం మానేసి పొడి గుళికల్ని పీకడం మొదలుపెడుతుంది. ఆ గుంటలు కాల్చాక కూడా అలాగే మిగిలిపోతాయి.

కూలెంట్ వాడకూడదు. పీవీఏ నీళ్లలో కరుగుతుంది, దిమ్మ మెత్తబడుతుంది. టూల్ పక్కనే వాక్యూమ్ గొట్టం పెట్టి ధూళిని లాగాలి. ఇది ఊపిరితిత్తుల కోసమే కాదు. అల్యూమినా ధూళి లేత్ స్లైడ్‌వేల నూనెలో కలిసిందంటే మిషన్‌కి మనమే ల్యాపింగ్ పేస్టు పూసినట్టు లెక్క. అందుకే పచ్చి పనికి ఒక పాత లేత్ విడిగా కేటాయించడం మంచిది.

ఎక్కువ పీసులు పాడయ్యేది చక్‌లో. మూడు దవడల చక్‌ని లోహానికి బిగించినట్టు బిగిస్తే దవడ ఆనిన చోట వెంట్రుకవాసి పగులు వస్తుంది. అప్పుడు కంటికి కనపడదు, కొలిమిలో నోరు తెరుస్తుంది. బారు మొత్తాన్ని చుట్టి పట్టే కాలెట్ గానీ, లోపలి రంధ్రంలోకి వెళ్లే మాండ్రెల్ గానీ వాడితే ఈ బాధ ఉండదు.

ఇక అసలు చిక్కు కుంచించుకోవడం. సుమారు 1600 డిగ్రీల్లో కాలుతున్నప్పుడు అల్యూమినా ప్రతి వైపూ 15 నుంచి 20 శాతం తగ్గుతుంది. మన పొడికి 17 శాతం అనుకుంటే పచ్చి కొలతని 0.83తో భాగించి తీయాలి. బుష్ బయటి వైపు గ్రైండింగ్ కోసం వ్యాసంలో 0.4 మి.మీ. అదనంగా ఉంచితే, కాల్చాక 40.4 రావాలి. అంటే పచ్చిగా 48.67కి తిప్పాలి. రంధ్రం కాల్చాక 29.6 రావాలి, పచ్చిగా 35.66.

ఇప్పుడు ఆ బ్యాచ్ 17కి బదులు 17.3 శాతం కుంచించుకుంటే? 48.67 కాస్తా 40.25 అవుతుంది. గ్రైండింగ్‌కి ఉంచిన 0.4లో 0.15 ఎగిరిపోయింది, అయినా పీసు బతికింది. 18 శాతం అయితే 39.91. ఇక చేయగలిగిందేమీ లేదు. ప్రెస్ ఒత్తిడి మారినా, పొడిలో తేమ మారినా, కొలిమిలో పీసు ఉన్న చోటు మారినా ఈ అంకె కదులుతుంది. అందుకే కొత్త పొడి లాట్ తెరిచినప్పుడల్లా నాలుగైదు ముక్కలు కాల్చి, కొలిచి, ఆ లెక్కతోనే పచ్చి కొలతలు తీయాలి. పాత లాట్ అంకెతో కొత్త లాట్ కోయడమంత ఖరీదైన బద్ధకం ఈ పనిలో ఇంకోటి లేదు.

పీసు కింద ఆనుకున్న వైపు రాపిడి వల్ల తక్కువ కుంచించుకుని, అడుగు ఏనుగు పాదంలా వెడల్పవుతుంది. కింద ముతక అల్యూమినా పొడి చల్లడం గానీ, అదే పొడితో చేసిన పచ్చి బిళ్ల పెట్టడం గానీ దీనికి మందు. ఆ బిళ్ల కూడా పీసుతో పాటే కుంచించుకుంటుంది కాబట్టి లాగుడు ఉండదు.

ఎంత జాగ్రత్తగా చేసినా, కాల్చింది కాల్చినట్టు వాడితే కొలతలో ఒక శాతం అటూ ఇటూ ఉంటుందనే లెక్క వేసుకోవాలి. 40 మి.మీ.కి అది ±0.4. ఇన్సులేటర్‌కీ, థర్మోకపుల్ గొట్టానికీ ఇది చాలు. బేరింగ్ కూర్చునే చోట చాలదు.

రెంటికీ మధ్య ఇంకో దారి ఉంది: దిమ్మని 900 నుంచి 1100 డిగ్రీల్లో సగం కాల్చి, ఆ తర్వాత కోయడం. బైండర్ పోతుంది, దిమ్మ గట్టిపడుతుంది, సన్నని గోడలు నిలుస్తాయి. కానీ కుంచించుకోవడం చాలావరకు ఇంకా జరగాల్సే ఉంటుంది. దీన్ని చూడాలంటే ఏదైనా డెంటల్ ల్యాబ్‌కి వెళ్తే సరి. 98 మి.మీ. జిర్కోనియా డిస్క్ మీద ఆ లాట్ పెంపు అంకె ముద్రించి ఉంటుంది. సాఫ్ట్‌వేర్ ఆ లెక్కన పంటి తొడుగుని పాతిక శాతం దాకా పెద్దదిగా కోస్తుంది, కొలిమి దాన్ని సరైన కొలతకి దింపుతుంది. అంకె తప్పు కొడితే తొడుగు పంటి మీద కూర్చోదు.

కాల్చాక: వజ్రం తప్ప వేరేది లేదు

కాలిన అల్యూమినా గట్టిదనం విక్కర్స్ 1500 దరిదాపుల్లో ఉంటుంది. కార్బైడ్ టూల్ కూడా దాదాపు అంతే కాబట్టి ఎవరు ఎవరిని కోస్తున్నారో తెలియదు. మిగిలింది డైమండ్ వీల్. రెజిన్ బాండ్‌లో (వజ్రాన్ని రెజిన్ పట్టి ఉంచే వీల్‌లో) ముతక పనికి డి126, ఫినిషింగ్‌కి డి46 తీసుకుంటే చాలా పనులు గడిచిపోతాయి. డి పక్కన ఉన్నది వజ్రపు రేణువు సైజు, మైక్రాన్లలో. కాన్సంట్రేషన్, అంటే వీల్‌లో వజ్రం ఎంత ఉందో చెప్పే అంకె, 75 నుంచి 100 మధ్య. 100 అంటే ఘన సెంటీమీటరుకి 4.4 క్యారెట్ల వజ్రం. వీల్ అంచు వేగం సెకనుకి 20 నుంచి 30 మీటర్లు. ఒక్కో పాస్‌కి ముతకలో 10 నుంచి 20 మైక్రాన్లు, ఫినిషింగ్‌లో 2 నుంచి 5. కూలెంట్ ధార వీల్ పక్కన కాదు, కోత జరిగే చోటే పడాలి.

వీల్ నున్నబడితే ముందు చెవికి తెలుస్తుంది. గరగర పోయి కీచుమంటుంది, స్పిండిల్ లోడ్ మెల్లగా ఎక్కుతుంది. అప్పుడు ఫీడ్ పెంచడం చాలామంది చేసే తప్పు. తెల్ల అల్యూమినా స్టిక్‌తో వీల్‌ని డ్రెస్ చేస్తే బాండ్ కాస్త అరిగి కొత్త వజ్రపు కొనలు బయటికొస్తాయి. ఫీడ్ పెంచితే వజ్రం కోయదు, నొక్కుతుంది. నొక్కితే పగులు లోపలికి దిగుతుంది.

ఆ పగులు ఎంత లోతుంటే ప్రమాదం? ఇక్కడే అల్యూమినాకీ జిర్కోనియాకీ దారులు వేరవుతాయి. అల్యూమినా పగులుని ఆపే శక్తి 3.5 మెగాపాస్కల్ రూట్ మీటర్ అనుకుందాం. వంపు బలం 300 మెగాపాస్కల్ నిలవాలంటే సుమారు 35 మైక్రాన్ల లోతు గీత వరకూ తట్టుకుంటుంది. 3 మోల్ శాతం ఇట్రియా (ఇట్రియం ఆక్సైడ్) కలిపిన జిర్కోనియాకి ఆ శక్తి 5 అని తీసుకున్నా, 1000 మెగాపాస్కల్ బలం కావాలంటే 6 మైక్రాన్లు దాటిన గీత ఉండకూడదు. బలమైన సరుకే గీతకి ఎక్కువ భయపడాలన్నమాట. అయితే జిర్కోనియాకి ఒక రక్షణ ఉంది. గ్రైండింగ్ ఒత్తిడికి పైపొరలోని రేణువుల స్ఫటిక రూపం టెట్రాగోనల్ నుంచి మోనోక్లినిక్‌కి మారి అవి ఉబ్బుతాయి, ఆ ఉబ్బు పైపొరని నొక్కిపట్టి గీతని మూసి ఉంచుతుంది. మెల్లగా, తడిగా చేస్తే ఇది మనకి లాభం. ముతక వీల్‌తో దూకుడుగా చేస్తే గీత ఆ పొర దాటి కిందికి పోతుంది. పైగా జిర్కోనియా వేడిని అల్యూమినాలో పదో వంతు కూడా బయటికి పంపదు. కూలెంట్ తప్పితే కోత చోట నారింజ రంగు మెరుపు కనిపిస్తుంది. అది కనిపించిన పీసుని పక్కన పెట్టడమే మేలు.

గ్రైండింగ్ దిశ కూడా లెక్కలోకి వస్తుంది. బారుని పొడవునా అరగదీస్తే గీతలు లాగుడు దిశలోనే ఉంటాయి, బలం నిలుస్తుంది. అడ్డంగా అరగదీస్తే అదే సరుకు, అదే వీల్, బలం మాత్రం తక్కువ.

అంచులు పెచ్చులూడేది వీల్ బయటికి వెళ్లే వైపున. దీని పరిష్కారం గ్రైండింగ్ షాపులో లేదు, పచ్చి దశలో ఉంది. గ్రైండింగ్ తర్వాత కూడా 0.3 మి.మీ. మిగిలేలా చాంఫర్‌ని (అంచు ఏటవాలు కోతని) పచ్చిగానే పెట్టుకోవాలి.

లేజర్, అల్ట్రాసోనిక్, ఈడీఎం (విద్యుత్ మెరుపులతో కోయడం) గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. 0.635 మి.మీ. అల్యూమినా సబ్‌స్ట్రేట్‌ని (ఎలక్ట్రానిక్స్‌లో వాడే పలచని పలకని) గీసి విరవడానికి సీఓ2 లేజర్‌ని మించింది లేదు, మందం పెరిగితే వేడికి పగుళ్లు వస్తాయి. గుండ్రంగా లేని రంధ్రాలకి 20 కిలోహెర్ట్జ్ అల్ట్రాసోనిక్, బోరాన్ కార్బైడ్ స్లర్రీ (ద్రవంలో కలిపిన పొడి). ఈడీఎంకి సరుకులో కరెంటు పారాలి. సిలికాన్ నింపిన సిలికాన్ కార్బైడ్‌లో పారుతుంది, అల్యూమినాలో పారదు.

నునుపు: గ్రైండింగ్ చాలా, ల్యాపింగ్ కావాలా, పాలిష్ దాకా పోవాలా?

డి46తో ముగించిన ముఖం ఆర్‌ఏ (సగటు గరుకుదనం) 0.3 నుంచి 0.4 మైక్రాన్ల దగ్గర ఉంటుంది. నీళ్ల పంపు ప్లంజర్ పీటీఎఫ్‌ఈ (టెఫ్లాన్) ప్యాకింగ్‌లో ఆడటానికి ఇది సరిపోతుంది. ఇంకా గరుకైతే ప్యాకింగ్‌ని తింటుంది. అద్దంలా చేస్తే తడి పొర నిలవక ప్యాకింగ్ వేడెక్కుతుంది, డబ్బు పెట్టి తెచ్చుకున్న సమస్య అది.

సీల్ ముఖం (పంపులో లీకు ఆపే రింగు ముఖం) కథ వేరు. అక్కడ నునుపు కంటే చదును ముఖ్యం, చదునంటే ల్యాపింగ్, అంటే వదులు రాపిడి పొడితో ప్లేటు మీద రుద్దడం. పోత ఇనుప ప్లేటు, డైమండ్ స్లర్రీ, ప్లేటుని చదునుగా ఉంచడానికి దాని మీద తిరిగే కండిషనింగ్ రింగులు. రింగులు బయటికి జరిపితే ప్లేటు బయటి అంచు ఎక్కువ అరిగి మధ్య ఉబ్బుతుంది, అప్పుడు పీసు గుంటగా వస్తుంది. లోపలికి జరిపితే దీనికి తిరగబడుతుంది. సరిచేయాల్సింది పీసుని కాదు, రింగు స్థానాన్ని. అదీ ఒకేసారి కాదు, కొద్దికొద్దిగా జరిపి ప్లేటు మళ్లీ కుదురుకునే దాకా ఆగాలి.

చదును కొలవడానికి హీలియం దీపం, ఆప్టికల్ ఫ్లాట్ (ఎంతో చదునైన గాజు బిళ్ల). బిళ్లని ముఖం మీద పెట్టి దీపం కింద చూస్తే కాంతి పట్టీలు కనిపిస్తాయి. ఒక్కో కాంతి పట్టీ 0.29 మైక్రాన్లు. మామూలు పంపు సీల్‌కి రెండు మూడు పట్టీల లోపు వంపు ఉంటే చాలు. కానీ ల్యాపింగ్ నుంచి వచ్చిన ముఖం మసకగా ఉంటుంది, పట్టీలు కనపడవు. కొత్తగా చేరినవాళ్లు దీపం పాడైందనుకుంటారు. కొంచెం పాలిష్ పెడితే మెరుపు వచ్చి పట్టీలు కనిపిస్తాయి. ఇక్కడ పాలిష్ అవసరం అంతవరకే.

పూర్తి పాలిష్ అంటే 3 మైక్రాన్ల డైమండ్, తర్వాత 1, అవసరమైతే చివర కొల్లాయిడల్ సిలికా. ప్రతి దశా ముందు దశ మిగిల్చిన దెబ్బతిన్న పొర మొత్తాన్ని తీసేయాలి. మెరుస్తోంది కదా అని ముందే ఆపితే, పాత గీతలు మెరుపు కింద దాక్కుంటాయి. జిర్కోనియా రేణువులు అర మైక్రాన్ లోపే ఉంటాయి కాబట్టి సులువుగా లొంగుతుంది. 96 శాతం అల్యూమినా లొంగదు. పెద్ద రేణువులు ఊడిన చోట గుంటలు పడతాయి, ఎన్ని గంటలు రుద్దినా పాత గుంట పోయి కొత్త గుంట వస్తుంది. అద్దం ముఖం కావాలంటే పాలిష్ మీద డబ్బు పెట్టే ముందు సరుకు మార్చాలి.

జిర్కోనియా పంటి తొడుగుకి పాలిష్ మేలా, గ్లేజ్ మేలా అన్న ప్రశ్నకి పాలిష్ అనే చెప్పాలి. గ్లేజ్ పలచని గాజు పూత, నమలగా నమలగా అరిగిపోతుంది. కింద గరుకు ఉంటే ఎదుటి పన్నుని రాకుతుంది. బాగా పాలిష్ చేసిన జిర్కోనియా ఎదుటి పన్నుని తక్కువ అరగదీస్తుంది.

మన బుష్‌కి ఏది?

యాభై పీసులు, ఆపైన అయితే రూపం మొత్తం పచ్చిగా కోయాలి. పక్కకి 0.2 మి.మీ. ఉంచి కాల్చి, రంధ్రం, బయటి వ్యాసం, ఒక ముఖం మాత్రమే గ్రైండింగ్ చేయాలి. డ్రాయింగ్‌లో ఆర్‌ఏ గుర్తు ఆ మూడు చోట్లే వేసి, మిగతా చోట్ల ‘కాల్చింది కాల్చినట్టే’ అని రాయాలి. మొత్తం ఆర్‌ఏ 0.4 అని గీసిన డ్రాయింగ్ చూస్తే వెండర్ రేటు పెంచడంలో తప్పు లేదు.

రెండు మూడు పీసులే అయితే లెక్క తిరగబడుతుంది. కుంచింపు అంకె తేల్చుకునేలోపే పది ముక్కలు ఖర్చవుతాయి. దగ్గరి కొలత ఉన్న కాలిన ట్యూబు కొని, డైమండ్ వీల్‌తో అరగదీయడమే చవక.

ఏ దారిలో వచ్చిన పీసునైనా పెట్టెలో సర్దే ముందు ఎర్ర రంగు ద్రవంలో (డైలో) ముంచి, కడిగి, తుడిచి చూడాలి. తెల్ల అల్యూమినా మీద పగులు ఎర్ర దారంలా కనిపిస్తుంది. దొరికిన పీసుని ఆ పగులు వెంట విరిచి మైక్రోస్కోప్ కింద పెడితే తప్పు ఎవరిదో తెలిసిపోతుంది. పగులు గోడల మీద రేణువులు కరిగి గుండ్రబడ్డట్టుంటే ఆ పగులు కొలిమికి ముందే ఉంది, చక్ దవడలు చూసుకోవాలి. రేణువులు పదునుగా విరిగి ఉంటే అది కాల్చాక వచ్చింది, వీల్ సంగతి చూడాలి.