వేపనూనా, సబ్బునీళ్లా, స్పిరిట్టా? ఇంట్లో కుండీ మొక్కకి ఏది మేలు

నర్సరీలకి పేరున్న కడియపులంక రోడ్డు మీద కారు ఆపారంటే డిక్కీ ఖాళీగా ఇంటికి రాదు, అది మన గోదావరి వాళ్లందరికీ తెలిసిందే. తెచ్చిన మొక్కని హాల్లో పెట్టి మురిసిపోయిన కొన్నాళ్లకి ఆకు వెనక తెల్లగా ఏదో కనబడుతుంది. ఇక అడగడం మొదలు: వేపనూనె కొట్టాలా, సబ్బునీళ్లు చాలా, స్పిరిట్‌తో తుడవాలా, పొలంలో కొట్టే మందే ఓ చుక్క వేసేద్దామా? పట్టిందేమిటో చూడకుండా జవాబు చెబితే అది ఊరికే చెప్పడమే.

ఆకు తొడిమ కాండాన్ని కలిసే సందులో దూదిపింజలా అంటుకుని ఉంటే పిండినల్లి. గోధుమరంగు పొక్కులా కదలకుండా ఉండి, గోటితో గీరితే ఊడివచ్చేది పొలుసు పురుగు. లేత చిగురు మీద గుంపుగా కూర్చునేది పేనుబంక. ఆకు నిండా సన్నటి పాలిపోయిన చుక్కలొచ్చి వెనక సన్నని గూడు కనిపిస్తే ఎర్రనల్లి అని అనుమానించండి. ఆకు కింద తెల్ల కాగితం పట్టి రెండుసార్లు తట్టండి, రాలిన నలుసులు నడుస్తున్నాయంటే అనుమానం అక్కర్లేదు. కుండీ చుట్టూ చీమలు బారులు తీరినా, ఆకు జిగటగా ఉన్నా పైన రసం పీల్చేది ఏదో ఉన్నట్టే, ఆ జిగట కోసమే చీమలొస్తాయి.

పిండినల్లికి నా ఓటు స్పిరిట్‌కే. దాని ఒంటి మీద ఉండే మైనపు పొర వల్ల నీళ్లలో కలిపిన మందేదీ సరిగా అంటదు, స్పిరిట్ అంటే ఇక్కడ 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, అది ఆ పొరని కరిగించి పురుగుని అక్కడికక్కడే చంపుతుంది. మందుల షాపులో దొరుకుతుంది. ఇయర్‌బడ్‌ని ముంచి ఒక్కో పురుగునీ అద్దండి, తెల్లటి పిండి గోధుమరంగుకి మారిపోవడం కళ్లముందే కనిపిస్తుంది, తర్వాత బడ్‌తోనే తీసేయండి. మొక్కంతా స్ప్రే చేయకండి, పల్చటి ఆకులున్న ఫెర్న్‌లాంటివి మాడిపోతాయి, ముందు ఒక ఆకు మీద చూసుకోండి. పొయ్యికీ దేవుడి దీపానికీ దూరంగా, కిటికీ తీసి చేయాల్సిన పని ఇది. కష్టమంతా ఓపికది. పెద్ద మొక్క నిండా పట్టేసిందంటే ఇయర్‌బడ్లతో అయ్యేది కాదు, అప్పుడు బాగా పట్టిన కొమ్మలు కోసి కవర్లో కట్టి పారేసి, మిగతాదానికి సబ్బునీళ్లు.

సబ్బునీళ్లు చవక, పేనుబంకకి అదే చాలు. లీటరు నీళ్లకి ఒక చెంచా లిక్విడ్ సోప్, ఆకు వెనక తడిసేలా కొట్టి కాసేపాగి మంచినీళ్లతో కడిగేయడం. బట్టల డిటర్జెంట్ మాత్రం వద్దండీ, ఆకు అంచులు కాలిపోతాయి. కుంకుడుకాయ రసం పల్చగా చేసి వాడేవాళ్లూ ఉన్నారు, అదీ నురగ ఇచ్చేదే. దీని లోటల్లా తగిలిన పురుగే చస్తుంది, ఆరిపోయాక ఏ ప్రభావమూ మిగలదు, గుడ్లకి పెద్దగా ఏమీ కాదు. అందుకే వారానికోసారి చొప్పున మూడు నాలుగుసార్లు కొట్టాలి. ఒక్కసారి కొట్టి ‘పోయింది’ అనుకున్నవాళ్లింట్లోనే మళ్లీ వస్తుంది.

వేపనూనె మనకి బాగా అలవాటైన మాట, ఎరువుల కొట్లో 1500 పీపీఎం (మందు గాఢత, సీసా మీదే ఉంటుంది) సీసా అడిగితే ఇస్తారు, లీటరుకి 5 మిల్లీలీటర్లు, కాస్త సబ్బు కలపకపోతే నూనె పైకి తేలిపోతుంది. ఇందులోని అజాడిరక్టిన్ పురుగు తిండిని మాన్పిస్తుంది, ఎదుగుదలని చెడగొడుతుంది, అంటే ఈరోజు కొట్టి రేపు చావాలంటే కుదరదు. నిండా పట్టాక కొట్టేదానికన్నా ఇంకా తక్కువున్నప్పుడు, లేదా సబ్బునీళ్లతో దులిపేశాక మళ్లీ రాకుండా కొట్టేదిగా దీనికి విలువ ఎక్కువ. సాయంత్రం, బాల్కనీలోకి తీసుకెళ్లి కొట్టండి, కొట్టిన ఆకు మీద ఎండపడితే మచ్చలొస్తాయి. ఏసీ గదిలో కొడితే ఆ వాసనతో ఇంట్లోవాళ్లు మిమ్మల్నే బయట పెడతారు.

ఎర్రనల్లి కథ వేరు. అది అసలు కీటకం కాదు, ఎనిమిది కాళ్లుండే, సాలీడుకి చుట్టం. బయట ఎంత ఉక్కపోసినా ఏసీ గది గాలి పొడిగా ఉంటుంది కాబట్టి అక్కడి మొక్కలకి చప్పున పడుతుంది. దీనికి మొదటి మందు బాత్రూంలో షవరే. ఆకు వెనక జోరుగా కడిగి, తర్వాత సబ్బునీళ్లు గానీ వేపనూనె గానీ, నాలుగైదు రోజులకోసారి.

ఇక పొలం మందు. ఇమిడాక్లోప్రిడ్ పిండినల్లి మీద పనిచేస్తుంది, కాదనను, వేరు నుంచి ఆకు దాకా మొక్కంతా పాకుతుంది. ఎర్రనల్లి మీద మాత్రం పనిచేయదు, ఒక్కోసారి దాని వల్ల నల్లి ఇంకా పెరుగుతుంది కూడా. అన్నిటికన్నా ముందు, పిల్లలు పాకే హాల్లో, ఆకు తుంచి నోట్లో వేసుకునే తులసి, కరివేపాకు పక్కన ఆ సీసా మూత తీయడం నాకు నచ్చదు. మూడు వందల మొక్క కోసం అంత టెన్షన్ ఎందుకు? అంతలా పట్టేస్తే మట్టితో సహా బయట పడేసి, కుండీని సబ్బుతో కడిగి ఎండబెట్టుకోండి. కొత్త మొక్క తెచ్చినప్పుడు మాత్రం రెండు మూడు వారాలు మిగతావాటికి దూరంగా వరండాలో ఉంచి, ఆకుల వెనక చూశాకే లోపలికి తీసుకోండి.