మేడ మీద నీలం డ్రమ్ము: పాత పెనాలు శుభ్రం చేసే కరెంటు తొట్టి, నాలుగేళ్ల వాడకం

మా ఇల్లు విశాఖపట్నం పెదవాల్తేరులో, సముద్రానికి నడిచి వెళ్లేంత దూరం. రాత్రి కడిగి బోర్లించిన ఇనుప పెనం మీద తెల్లారేసరికి ఎర్రటి పొడి కనిపించే గాలి మాది. అలాంటి చోట అమ్మమ్మ గారి పోత ఇనుము సామాన్లు ఏళ్ల తరబడి అటక మీద ఉండిపోయాయి. ఒక దోశ పెనం, ఒక పొంగడాల పెనం, రెండు మూకుళ్లు. ఒకవైపు తుప్పు, ఇంకోవైపు వేలి మందాన పేరుకున్న నూనె మడ్డి. వాటికోసమే ఈ తొట్టి పెట్టాను. ఆ తర్వాత చుట్టాలవీ, ఇరుగుపొరుగువీ కలిపి నలభై దాకా దీంట్లో శుభ్రమయ్యాయి.

అంతకు ముందు వేరే పద్ధతులు చూడకపోలేదు. చిన్న పెనం ఒకటి బొగ్గుల్లో కాల్చాను. మడ్డి పోయింది కానీ పెనం వంగిపోయింది, ఇప్పటికీ గ్యాస్ పొయ్యి మీద ఊగుతుంది. చింతపండు పులుసులో నానబెడితే తుప్పు వదులుతుంది, కానీ సమయానికి తీయకపోతే పులుపు మంచి ఇనుమును కూడా తినేస్తుంది. కరెంటు తొట్టిలో ఆ భయం లేదు. మైనస్ వైపు కట్టిన పెనాన్ని రెండు రోజులు మరిచిపోయినా దాని లోహానికి ఏమీ కాదు. నాకు ఇది నచ్చడానికి మొదటి కారణం అదే.

తొట్టి అంటే పెద్ద యంత్రమేమీ కాదు. సోడా నీళ్లలో పెనాన్ని చార్జరు మైనస్ వైపు, ఇనుప పలకలను ప్లస్ వైపు కట్టి కరెంటు పంపితే పెనం మీది తుప్పూ మడ్డీ వదులుతాయి. నీలం ప్లాస్టిక్ డ్రమ్ము, నలభై లీటర్ల నీళ్లు, పది టేబుల్ స్పూన్ల బట్టల సోడా, 12 వోల్టుల బ్యాటరీ చార్జరు. చార్జరు దగ్గర మొదట దెబ్బతిన్నాను. దుకాణంలో ‘దేనికైనా పనికొస్తుంది’ అని ఆటోమేటిక్‌ది అంటగట్టారు. ఎదురుగా బ్యాటరీ ఉందని తెలిస్తే తప్ప అది కరెంటు వదలదు. గాజువాక ఆటోనగర్‌లో వెతికి, ముల్లు తిరిగే ఆంపియర్ మీటరున్న పాతకాలం బరువైన చార్జరు తెచ్చుకున్నాక పని మొదలైంది. ఐదు ఆంపియర్ల దగ్గర రోజంతా నడిపితే సుమారు రెండు యూనిట్లు కాలుతుంది.

ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది పెనం మీద కాదు, ప్లస్ వైపు వేలాడే ఇనుప పలకల మీద. పెనం మీది తుప్పు వదులుతుంటే ఆ పలకలు తుప్పు పట్టి అరిగిపోతాయి. రోజు తిరిగేసరికి వాటి మీద నల్లటి బురద అట్టలా కడుతుంది. అది పేరుకుంటే కరెంటు సరిగా పారదు. నేను రోజూ సాయంత్రం చార్జరు ఆపి, పలకలు బయటికి తీసి, వైరు బ్రష్షుతో గీకి మళ్లీ వేలాడదీస్తాను. పది నిమిషాల పని. బద్ధకించిన రోజు ఐదు మీద ఉండాల్సిన ముల్లు రెండు కిందికి జారుతుంది. పలకలు శుభ్రంగా ఉన్నా ముల్లు లేవకపోతే తప్పు క్లిప్పు దగ్గర ఉంటుంది. తుప్పు మీద క్లిప్పు పెడితే కరెంటు దిగదు. పిడి చివర రూపాయి బిళ్లంత మేర తళతళలాడేదాకా అరగదీసి అక్కడ పట్టించాలి.

ఒకే పలక పెడితే దాని ఎదురుగా ఉన్న ముఖమే బాగుపడుతుంది. మొదటి మూకుడికి కడుపు తేటపడి, వీపు అలాగే ఉండిపోయింది. ఇప్పుడు నాలుగు వైపులా నాలుగు పలకలు వేలాడదీసి, మందపాటి తీగతో కలుపుతున్నాను. కంచరపాలెంలో పాత ఇనుము కొట్టులో తూకానికి కొన్న మామూలు ఇనుప రేకులే అవి. జింకు పూత ఉన్నవి వద్దు. ‘స్టీలు పళ్లెం పెట్టండి, అరగదు’ అని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు, దయచేసి వినకండి. స్టెయిన్‌లెస్ స్టీలు నుంచి నీళ్లలోకి హెక్సావాలెంట్ క్రోమియం దిగుతుంది. అది క్యాన్సర్ కారకం. సోడాకు బదులు ఉప్పు వేస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. అల్యూమినియం గిన్నెలు ఈ నీళ్లలో కరిగిపోతాయి.

పెనం చుట్టూ లేచే బుడగలు హైడ్రోజన్, నిప్పు తగిలితే అంటుకునే వాయువు. అందుకే తొట్టి ఇంట్లో కాదు, మేడ మీద రేకుల కింద, నాలుగు వైపులా గాలాడే చోట ఉంది. అమ్మ రోజూ దీపం పెట్టే తులసి కోట మేడ మీదే ఉండేది. దాన్ని కింద వాకిట్లోకి దించాం. చార్జరు ఆపకుండా క్లిప్పు ముట్టుకోను, పిల్లల్ని మేడ ఎక్కనివ్వను.

పొంగడాల పెనం మూడో రోజు పొద్దున బయటికి తీశాను. గుంతల్లో గోరుతో నొక్కితే మడ్డి పెచ్చులుగా ఊడింది, అడుగున బూడిద రంగు ఇనుము. కడుగుతుంటే రెండు గుంతల మధ్య వెంట్రుకంత గీత కనిపించింది. పిడి పట్టుకుని చెక్క గరిటెతో తట్టాను. మిగతావి ఖంగుమంటాయి, ఇది మొద్దుగా మోగింది. పగులు. ఇన్నాళ్లూ మడ్డే దాన్ని కప్పి ఉంచింది. అమ్మ కాసేపు చేతిలో పట్టుకుని చూసి, ‘అమ్మ దీంట్లోనే వేసేది’ అంది. దాన్ని పొయ్యి మీద పెట్టడం లేదు, వంటింటి గోడకు తగిలించాం.

బయటికి తీశాక అసలు పరుగు మొదలవుతుంది. మన తేమగాలికి తడి ఇనుము మీద కళ్లముందే కాషాయం రంగు వస్తుంది. చన్నీళ్లతో తోమి, గుడ్డతో తుడిచి, వెంటనే పొయ్యి మీద ఆరబెట్టి, వేడి మీదే నువ్వుల నూనె పల్చగా రాసి, రాసినదంతా తుడిచేయాలి. నూనె ఎక్కువైతే జిగురవుతుంది. ఇలా నాలుగైదు సార్లు కాల్చాక మొదటి దోశ వేయవచ్చు.

నీళ్లు ఎంత ఎర్రబడినా పారబోయక్కర్లేదు. సోడా ఖర్చవదు, తగ్గిన నీళ్లే పోస్తూ ఉంటే చాలు. నేను నాలుగైదు నెలలకోసారి మారుస్తాను. ఒక్క పెనమే ఉన్నవాళ్లు ఇదంతా పెట్టుకోనవసరం లేదు, ఇటుక ముక్కా ఓపికా సరిపోతాయి. తుక్కులో కొన్న పాత మూకుళ్ల విషయంలో మాత్రం ఒక మాట. వలలకు కట్టే బరువుల కోసం సీసం కరిగించిన పాత్ర అయ్యుండొచ్చని అనుమానం వస్తే, వంటకు ఎంత తోమినా వద్దు. పుట్టుపూర్వోత్తరాలు తెలియని మూకుడు ఎవరు తెచ్చినా నేను తొట్టిలో వేయను.

ఇప్పుడు డ్రమ్ములో పక్కింటి పిన్నిగారి దిబ్బరొట్టె మూకుడు మునిగి ఉంది. రెండో రోజు. ముల్లు నాలుగున్నర మీద నిలకడగా ఉంది.