జాగ్రత్త: హెచ్‌ఓఏ ఫీజు తక్కువని చూసి ఇల్లు కొనకండి, రిజర్వ్‌లో ఎంత ఉందో ముందు చూడండి

కాలిఫోర్నియాలో కాండో గానీ టౌన్‌హౌస్ గానీ కొనాలని చూస్తున్నవాళ్లు దయచేసి ఇది చివరిదాకా చదవండి. హెచ్‌ఓఏ అంటే ఇళ్ల యజమానుల సంఘం, రిజర్వ్ అంటే పెద్ద రిపేర్లకోసం ఆ సంఘం దాచే డబ్బు. ముఖ్యంగా ఇప్పటికే ఎస్క్రోలో (ఒప్పందం కుదిరి, కొనుగోలు ఇంకా పూర్తికాని దశలో) ఉండి, కంటింజెన్సీ గడువు (నచ్చకపోతే వెనక్కి తగ్గగలిగే గడువు) ఇంకా మిగిలి ఉన్నవాళ్లు.

మేం 2024 ఏప్రిల్‌లో శాన్ ఫ్రాన్సిస్కో దగ్గరి ఈస్ట్ బేలో ఇల్లు కొన్నాం. 13 నెలలు తిరిగేసరికి రెండు విడతలుగా 19,500 డాలర్ల స్పెషల్ అసెస్‌మెంట్ (నెల ఫీజు కాక హెచ్‌ఓఏ అదనంగా కట్టించుకునే డబ్బు) మా మీద పడింది. ఇలా జరగబోతోందని చెప్పే అంకె, కొనకముందే నా ఈమెయిల్‌కి వచ్చిన కాగితాల్లో అచ్చై ఉంది. నేను ఆ పేజీ తెరవలేదు. మీరు తెరవాలనే ఇదంతా రాస్తున్నాను.

మాది 84 ఇళ్ల కమ్యూనిటీ. 1990ల చివర్లో కట్టింది. చూడ్డానికి టౌన్‌హౌసే, కానీ కాగితాల ప్రకారం కాండో. ఈ తేడా నాకు అప్పట్లో పెద్ద విషయంగా అనిపించలేదు. కాండో అంటే పైకప్పు, బయటి గోడలు, బాల్కనీ కింది చెక్క నిర్మాణం, లోపలి రోడ్లు అన్నీ ఉమ్మడి ఆస్తి. వాటికి ఏమైనా అయితే 84 ఇళ్లవాళ్లూ కలిసి భరించాలి. మన ఇంటి మీది కప్పు బాగానే ఉన్నా, అవతలి వరుసలో బాల్కనీ పుచ్చిపోతే అందులో మన వాటా మనం కట్టాల్సిందే.

ఇల్లు చూపించినప్పుడు మా ఏజెంట్ గట్టిగా చెప్పిన మాట ఒకటుంది. "అన్నా, ఇక్కడ హెచ్‌ఓఏ నెలకి 365 డాలర్లే. ఆరేళ్లుగా ఒక్క డాలర్ కూడా పెంచలేదు. చుట్టుపక్కల 500 దాకా ఉన్నాయి." మాకు అది పెద్ద ప్లస్ పాయింట్‌లా వినిపించింది. హెచ్‌ఓఏ బోర్డు (దాన్ని నడిపే కమిటీ) పొదుపుగా నడుపుతోంది కాబోలు అనుకున్నాం. ఆరేళ్లలో కూలీ రేట్లు పెరిగాయి, కలప, కప్పు మీద వేసే షింగిల్స్ ధరలు పెరిగాయి, ఇన్సూరెన్స్ ప్రీమియం పెరిగింది. ఫీజు ఒక్కటే పెరగలేదంటే ఎక్కడో ఏదో కట్టడం మానేశారన్నమాట. ఆ మానేసినది రిజర్వ్.

హెచ్‌ఓఏ డబ్బు రెండు సంచుల్లో ఉంటుంది. ఒకటి రోజువారీ ఖర్చులకి: తోటపని, నీళ్లు, చెత్త, కరెంటు, మేనేజ్‌మెంట్ కంపెనీ ఫీజు, మాస్టర్ ఇన్సూరెన్స్. రెండోది రిజర్వ్. కప్పులు, పెయింటు, రోడ్లు, బాల్కనీలు, ఫెన్సింగ్ లాంటి పెద్ద పనులు పాతికేళ్లకో పదేళ్లకో ఒకసారి వస్తాయి కాబట్టి వాటికోసం నెలనెలా పక్కన పెట్టే డబ్బు అది. మొదటి సంచి ఖాళీ అయితే నెలలోనే తెలిసిపోతుంది, తోటమాలి రావడం మానేస్తాడు. రెండోది ఖాళీ అవుతున్నా ఏళ్ల తరబడి బయటపడదు. గడ్డి పచ్చగానే ఉంటుంది, ఇంటి ముందు పూలమొక్కలు బాగానే ఉంటాయి. ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్లకి లోటు కనపడదు.

ఆ లోటును లెక్కగట్టే కాగితాన్ని రిజర్వ్ స్టడీ అంటారు. కాలిఫోర్నియాలో హెచ్‌ఓఏలకి వర్తించే డేవిస్ స్టర్లింగ్ చట్టం ప్రకారం కనీసం మూడేళ్లకోసారి ఉమ్మడి ఆస్తిని కంటితో చూసి ఈ స్టడీ చేయించాలి, ఏటా బోర్డు దాన్ని సమీక్షించాలి. లెక్క సులువే. కప్పులు మార్చడానికి 10 లక్షల డాలర్లు అవుతుంది, అవి 25 ఏళ్లు వస్తాయి, ఇప్పటికి 20 ఏళ్లు గడిచాయి అనుకోండి. అంటే ఆ ఒక్క పనికే ఈపాటికి 8 లక్షలు బ్యాంకులో ఉండాలి. ఇలా ప్రతి వస్తువుకీ లెక్కేసి కూడితే మొత్తం ఎంత ఉండాలో వస్తుంది. నిజంగా ఉన్నది అందులో ఎంత వంతో చెప్పేదే "పర్సెంట్ ఫండెడ్". 70 శాతం పైన ఉంటే ఆరోగ్యంగా ఉన్నట్టు, 30 లోపు ఉంటే బలహీనంగా ఉన్నట్టు ఈ రంగంలో వాళ్లు లెక్కేస్తారు.

మా కమ్యూనిటీలో ఉండాల్సింది 14 లక్షల 20 వేల డాలర్లు. ఉన్నది 3 లక్షల 10 వేలు. 22 శాతం.

లోటు 11 లక్షల 10 వేలు. దాన్ని 84తో భాగించండి. ఇంటికి సుమారు 13,200 డాలర్లు. మేం ఇంటి ధరతో పాటు ఈ 13,200 అప్పు కూడా కొన్నాం. మీరు ఈ భాగహారం చేయాల్సిన పని కూడా లేదు. ఇంటికి ఎంత లోటో ఆ అంకె వార్షిక బడ్జెట్ రిపోర్టులో ఉండాలని ఇక్కడి చట్టమే చెబుతోంది. ఇల్లు అమ్మేవాళ్లు సివిల్ కోడ్ 4525 కింద కొనేవాళ్లకి ఇవ్వాల్సిన పత్రాల్లో ఈ రిపోర్టు ఒకటి. మాకు వచ్చిన ప్యాకెట్ 200 పేజీలకి పైనే ఉంది. పెంపుడు జంతువుల రూల్స్, పార్కింగ్ రూల్స్ చదివాం. ఆ పేజీ దాకా వెళ్లలేదు.

ఇక్కడ చాలామందికి ఒక అపోహ ఉంటుంది, నాకూ ఉండేది. రిజర్వ్ స్టడీ చేయించాలని చట్టం అంటుంది కాబట్టి అందులో చెప్పినంత డబ్బు దాచడం కూడా తప్పనిసరి అనుకుంటాం. కాదు. కాలిఫోర్నియాలో స్టడీ చేయించాలి, వివరాలు బయటపెట్టాలి. ఇంత శాతం ఉండి తీరాలన్న నియమం లేదు. మా స్టడీలో నెలకి 9,800 డాలర్లు రిజర్వ్‌లో వేయమని రాసి ఉంది. బోర్డు వేసింది 3,200. ఇంటికి 117 డాలర్లు పడాల్సిన చోట 38.

"మరి లోన్ ఇచ్చినవాళ్లు చూడలేదా?" అని మా నాన్నగారు అడిగారు. చూశారు. బడ్జెట్‌లో కనీసం 10 శాతం రిజర్వ్‌కి వెళ్తోందా అన్నది అప్పట్లో ఫ్యానీ మే (బ్యాంకుల నుంచి ఇంటి లోన్లు కొనే సంస్థ) ప్రకారం వాళ్లు చూసే విషయాల్లో ఒకటి. మా కమ్యూనిటీలో 10 శాతం దాటి కొంచెం వెళ్తోంది, సరిపోయింది. కానీ స్టడీ అడిగింది దాదాపు 32 శాతం. కాబట్టి లోన్ వచ్చింది కదా, అంతా బాగానే ఉన్నట్టేనని దయచేసి అనుకోకండి.

అసలు దెబ్బ బాల్కనీల దగ్గర తగిలింది. 2015 జూన్‌లో బర్క్‌లీలో ఒక అపార్ట్‌మెంట్ బాల్కనీ విరిగిపడి ఆరుగురు యువతీయువకులు చనిపోయారు. లోపల తడి చేరి చెక్క పుచ్చిపోవడమే కారణం. ఆ తర్వాత వచ్చిన చట్టాల్లో ఒకటి కాండోలకి సంబంధించింది, సివిల్ కోడ్ 5551. నేల నుంచి ఆరడుగుల కన్నా ఎత్తులో ఉండి, చెక్క ఆధారం మీద నిలబడే బాల్కనీలు, మెట్లు, నడవాలను తొమ్మిదేళ్లకోసారి తనిఖీ చేయించాలి. మొదటి తనిఖీకి గడువు 2025 జనవరి 1. ఈ చట్టం అవసరమైనదే. అంతమంది పిల్లలు పోయాక ఎవరు కాదంటారు? మా బోర్డు మాత్రం చివరి ఏడాది దాకా ఆగింది.

2024 శరదృతువులో తనిఖీ జరిగింది. చాలా బాల్కనీల కింద దూలాలు పుచ్చి ఉన్నాయని తేలింది. మా పిల్లలు ఆడుకునే బాల్కనీ తలుపుకి "వాడవద్దు" అని కాగితం అంటించి వెళ్లారు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. డబ్బు సంగతి తర్వాత, వేసవంతా వాళ్లు అక్కడే ఆడుకున్నారు.

నవంబర్లో కొత్త బడ్జెట్ వచ్చింది. ఫీజు 365 నుంచి 438. సరిగ్గా 20 శాతం. సభ్యుల ఓటింగ్ లేకుండా బోర్డు ఒక ఏడాదిలో పెంచగలిగే గరిష్ఠ పరిమితి అదే. డిసెంబర్లో బాల్కనీల కోసం ఇంటికి 8,500. మామూలుగా స్పెషల్ అసెస్‌మెంట్ ఆ ఏడాది బడ్జెట్ ఖర్చులో 5 శాతం దాటితే ఓటింగ్ పెట్టాలి. మా లెక్కలో 5 శాతం అంటే ఇంటికి సుమారు 219 డాలర్లు. కానీ మనుషుల ప్రాణాలకి, భద్రతకి ముప్పు ఉన్న రిపేర్లకి చట్టంలో అత్యవసర మినహాయింపు ఉంది, బోర్డు దాన్ని వాడింది. 2025 మేలో కప్పుల కోసం ఓటింగ్ పెట్టారు. ఇంటికి 11,000. నేను అవుననే ఓటేశాను. కారుతున్న కప్పు కింద కాదని ఓటేసి ఏం చేస్తాం?

మా హెచ్‌ఓ-6 (కాండో యజమాని తీసుకునే) ఇన్సూరెన్స్‌లో లాస్ అసెస్‌మెంట్ కవరేజి ఉందని గుర్తొచ్చి ఎంతో ఆశతో ఫోన్ చేశాను. నిప్పు, గాలివాన లాంటి పాలసీలో ఉన్న ప్రమాదం వల్ల పడిన అసెస్‌మెంట్‌కే అది వర్తిస్తుందట. ఏళ్ల తరబడి పట్టించుకోక పుచ్చిపోయినదానికి రాదు. ఉంటున్న ఇంటికి హెచ్‌ఓఏ ఫీజు మీద ట్యాక్స్ మినహాయింపు కూడా లేదు. కట్టకుండా ఆపితే 10 శాతం దాకా లేట్ ఫీజు, ఏడాదికి 12 శాతం దాకా వడ్డీ, ఆ తర్వాత ఇంటి మీద లీన్ (బాకీకి ఇంటి మీద పెట్టే చట్టపరమైన హక్కు). బాకీ 1,800 డాలర్లు దాటినా, ఏడాది పైబడినా ఇల్లు వేలం వేసే దాకా వెళ్లే హక్కు అసోసియేషన్‌కి ఉంది. కాబట్టి కోపం వచ్చినా కట్టడం మాత్రం ఆపకండి. వాయిదాల పద్ధతి అడగండి. మాకు 8,500కి 12 నెలలు ఇచ్చారు.

అమ్మేసి వెళ్లిపోదామా అనీ ఆలోచించాం. మా పక్కింటివాళ్లు ప్రయత్నించారు కూడా. 2021 జూన్‌లో ఫ్లోరిడాలోని సర్ఫ్‌సైడ్‌లో కాండో టవర్ కూలి 98 మంది చనిపోయాక, పెద్ద రిపేర్లు వాయిదా వేసిన కమ్యూనిటీల విషయంలో ఫ్యానీ మే నిబంధనలు కఠినం చేసింది. పక్కింటికి వచ్చిన కొనుగోలుదారుకి బాల్కనీల పని పూర్తయ్యేదాకా లోన్ ఇవ్వలేమన్నారు. ఆ డీల్ పోయింది.

బోర్డులో ఉన్నవాళ్లు దొంగలని నేననను. జీతం లేకుండా సాయంత్రాలు కూర్చుని పనిచేసే ఇరుగుపొరుగువాళ్లే. మా వరుసలో ఒక పెద్దావిడ ఉన్నారు, మొదటి నుంచీ ఇక్కడే ఒంటరిగా ఉంటున్నారు, వచ్చే పెన్షనే ఆధారం. ఫీజు పెంచుతామన్న ప్రతిసారీ ఆవిడలాంటివాళ్లు బతిమాలేవారట, బోర్డు వెనక్కి తగ్గేదట. అర్థం చేసుకోగలను. కానీ ఆ జాలి వల్ల చివరికి ఎక్కువ నష్టపోయింది కూడా ఆవిడే. నెలకి 79 డాలర్లు పెంచి ఉంటే ఎలాగోలా సర్దుకునేవారు. 19,500 ఒక్కసారిగా ఎక్కడినుంచి తెస్తారు?

ఇప్పుడు మీరు చేయాల్సిన పని. ఆఫర్ ఒప్పుకున్న వెంటనే హెచ్‌ఓఏ ప్యాకెట్‌లో ముందు రిజర్వ్ స్టడీ సారాంశం, బడ్జెట్ రిపోర్టు తీయండి. పర్సెంట్ ఫండెడ్ ఎంత, ఇంటికి లోటు ఎంత, స్టడీ చెప్పినంత డబ్బు నిజంగా వేస్తున్నారా, ఈ మూడూ చూడండి. కప్పు, రోడ్డు, పెయింటు పక్కన "మిగిలిన ఆయుష్షు" అని ఓ కాలమ్ ఉంటుంది. అక్కడ సున్నాలూ ఒకట్లూ ఎక్కువగా ఉంటే ఆ ఖర్చు మీ హయాంలోనే వస్తుంది. రిజర్వ్ నుంచి రోజువారీ ఖర్చులకి అప్పు తీసుకున్నారేమో చూడండి. మామూలుగా ఏడాదిలో తిరిగి వేయాలి. వేయకపోతే కారణం అడగండి. 5551 తనిఖీ రిపోర్టు కూడా అడగండి.

అన్నిటికన్నా ముఖ్యంగా బోర్డు మీటింగ్ మినిట్స్ (మీటింగుల్లో ఏం మాట్లాడారో రాసిపెట్టే రికార్డు). ఇవి అడిగితేనే ఇస్తారు. గత 12 నెలలవి కావాలని కొనేవాళ్లు అడిగితే ఇవ్వాలని చట్టంలో ఉంది. మేం అడగలేదు, మాకు రాలేదు. సభ్యులమయ్యాక తెప్పించుకుని చదివితే అన్నీ అందులోనే ఉన్నాయి. మూడు ఇళ్లలో బాల్కనీ కింద తడి మరకలు. కప్పులకి ముగ్గురు కాంట్రాక్టర్ల కొటేషన్లు. "వచ్చే ఏడాది చూద్దాం" అన్న తీర్మానం, వరుసగా రెండుసార్లు. ఏజెంట్ ద్వారా ఒక్క ఈమెయిల్ పెట్టి ఉంటే అవన్నీ మా చేతికి వచ్చేవి.

లోటు ఉందని తేలినంత మాత్రాన ఇల్లు వదులుకోవాల్సిన పని లేదు. బేరానికి అదే ఆధారం. మా ఆఫీసులో ఒక అమ్మాయికి ఈ కథంతా చెప్పాను. తను కొనబోయే చోట ఇంటికి లోటు 11,000 ఉందని చూసి, ఆ పేజీనే అమ్మేవాళ్లకి పంపించి 9,000 క్రెడిట్ (కొనేటప్పుడు అమ్మేవాళ్లు వెనక్కి ఇచ్చే డబ్బు) తెచ్చుకుంది. ఇష్టపడిన ఇల్లే కొనుక్కుంది. కంటింజెన్సీ తీసేయక ముందు అడిగింది కాబట్టే అది కుదిరింది. పోటీలో గెలవాలని కంటింజెన్సీలు వదిలేయమని ఏజెంట్ అంటే, మిగతావి మీ ఇష్టం, హెచ్‌ఓఏ పత్రాల కంటింజెన్సీ మాత్రం వదలకండి.

కొత్త కమ్యూనిటీల్లో కొనేవాళ్లూ చూసుకోండి. ఇళ్లన్నీ అమ్ముడయ్యేదాకా ఫీజు తక్కువగా కనిపించేలా బిల్డర్ తన జేబులోంచి కొంత వేయడం ఉంటుంది. ఆయన వెళ్లిపోయాక అసలు ఫీజు బయటికొస్తుంది. ఫీజు ఎక్కువైనా రిజర్వ్ నిండుగా ఉన్న చోట్లున్నాయి, ఎక్కువ కట్టించుకుని కోర్టు కేసులకి, ఇన్సూరెన్స్‌కి పోగొట్టుకుంటున్న చోట్లూ ఉన్నాయి. కాబట్టి ఫీజు అంకె ఒక్కదాన్ని చూసి ఏమీ తేల్చలేం.

మీ ప్యాకెట్‌లో ఆ పేజీ దొరక్కపోతే, దొరికినా అర్థం కాకపోతే ఇక్కడ అడగండి. పేర్లు, అడ్రసులు తీసేసి అంకెలు మాత్రం పెట్టండి. మీ గడువు తేదీ కూడా రాయండి, ముందు గడువు ఉన్నవాళ్లవి ముందు చూస్తాను.