ఎడమ పేజీ ఖాళీగా వదిలిన నోట్‌బుక్: నాలుగేళ్ళు వాడాక

తొమ్మిదో తరగతి తెలుగు పీరియడ్‌లో చర్చ అంటే మా స్కూల్లో జరిగేది ఒకటే. ప్రశ్న నేను అడుగుతాను, ముందు బెంచీలో ముగ్గురు చెబుతారు, మిగతా 38 మంది వింటారు. రాయమంటే గైడులో ఉన్నది ఉన్నట్టు దిగిపోతుంది. ఈ బాధ పడలేక నాలుగేళ్ళ క్రితం 200 పేజీల లాంగ్ నోట్‌బుక్ ఒకటి కొని, అట్ట వేసి క్లాసుకి ఇచ్చాను. రోజుకొకరు ఇంటికి తీసుకెళ్ళాలి. కుడి పేజీలో పాఠం గురించి తమకు తోచింది రాయాలి. ఎడమ పేజీ ఖాళీగా వదలాలి, చదివినవాళ్ళు జవాబు రాయడానికి. మార్కులు లేవు. ఎర్ర పెన్ను లేదు.

నాకు ఇందులో ప్రాణం ఆ ఎడమ పేజీయే. దాని గురించే చెబుతాను.

మొదటి ఏడాది జాషువ ‘గబ్బిలం’ పద్యాలు చెప్పాను. కవి పుట్టిన వినుకొండ మాకు బస్సులో గంట దూరం, పిల్లలకు పేరు తెలుసు. కాళిదాసు ‘మేఘసందేశం’లో యక్షుడు మేఘంతో కబురు పంపాడు. 1941లో వచ్చిన ఈ కావ్యంలో, అంటరానివాడంటూ ఊరు గుడి గడప తొక్కనివ్వని మనిషి కాశీలో ఉన్న శివుడికి తన గోడు గబ్బిలంతో పంపుకుంటాడు. గబ్బిలమే ఎందుకు అని అడిగి వదిలేశాను. ఆ రోజు పుస్తకం తీసుకెళ్ళిన అమ్మాయి కుడి పేజీలో రాసింది: “మేఘం గుడి మీదుగా పోతుంది, లోపలికి పోలేదు. గబ్బిలం లోపలే వేలాడుతుంది. దాన్ని ఎవరూ ఆపరు.”

మూడు రోజుల తర్వాత ఎడమ పేజీలో పెన్సిల్ రాత కనపడింది. చివరి బెంచీ పిల్లాడిది, క్లాసులో ఎప్పుడూ నోరు విప్పనివాడు. “మా తాత తిరునాళ్ళకి గుడి బయటే నిలబడి దణ్ణం పెట్టుకుంటాడు. లోపలికి రమ్మంటే రాడు. అలవాటు అంటాడు.” దాని కింద ఎవరో నీలం పెన్నుతో: “ఆ అలవాటు ఎవరు చేశారు? అడుగు.” ఇంకో వారానికి మళ్ళీ పెన్సిల్: “అడిగాను. నవ్వి ఊరుకున్నాడు.”

స్టాఫ్‌రూంలో ఆ పేజీ చదివి, బెల్లు కొట్టినా లేవలేకపోయాను. పన్నెండేళ్ళుగా జాషువని చెబుతున్నాను. ఒక్కసారి కూడా పాఠం ఒక పిల్లాడి ఇంటి గడప దాకా వెళ్ళడం చూడలేదు.

ఆ ఊపులో తోటి టీచర్లందరికీ “క్లాసంతా రాస్తోంది” అని చెప్పుకున్నాను. ఏడాది చివర కూర్చుని లెక్కపెడితే ఎడమ పేజీల్లో సగానికి పైగా రాతలు ఎనిమిది మందివే. చాలాచోట్ల “బాగా రాశావు” అని మాత్రమే ఉంది. 41 మందికి ఒకే పుస్తకం కాబట్టి ఒకసారి కుడి పేజీ రాసినవాళ్ళకి మళ్ళీ వంతు వచ్చేసరికి దాదాపు రెండు నెలలు. అప్పటికి పాఠం చల్లారిపోతుంది. అందుకే రెండో ఏడాది రెండు పుస్తకాలు పెట్టాను.

దెబ్బ తిన్నది ఆ రెండో ఏడాదే. గురజాడ 1910 నాటి ‘దిద్దుబాటు’ చదివించాను. రాత్రుళ్ళు ఆలస్యంగా ఇల్లు చేరే భర్తకి కమలిని ఉత్తరం రాసి పెట్టి బుద్ధి చెప్పే కథ. ఒక అమ్మాయి రాసింది: “కమలినికి చదువొచ్చు కాబట్టి ఉత్తరం రాసింది. మా అమ్మకి రాదు. నాన్న ఆలస్యంగా వస్తే అన్నం పెట్టేసి, మాట్లాడకుండా అటు తిరిగి పడుకుంటుంది.” ఎంత మంచి వాక్యాలు! మర్నాడు పుస్తకం అదే వీధిలో ఇంకో ఇంటికి వెళ్ళింది. అక్కడ పెద్దవాళ్ళు చదివారు. సాయంత్రానికి మాట ఆ అమ్మాయి నాన్న చెవిన పడింది. మర్నాడు ఆయన స్కూలుకొచ్చారు. అరవలేదు. “మా ఇంటి సంగతి ఊళ్ళో చదివించారా మేడం?” అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ఆ పిల్ల మూడు రోజులు బడికి రాలేదు. వచ్చాక తనని అడిగి, ఆ కాగితం చించి తన చేతికే ఇచ్చేశాను.

మొదటి ఏడాది పెన్సిల్ రాత కూడా అలాగే ఇల్లిల్లూ తిరిగిందని అప్పుడు తట్టింది నాకు. ఏమీ కాకపోవడం అదృష్టం, అంతే.

అప్పటినుంచి పుస్తకాలు ఇంటికి వెళ్ళవు. బీరువాలో ఉంటాయి, లైబ్రరీ పీరియడ్‌లో తీస్తాం. తమ ఇంటి సంగతి ఉంటే పేజీ మడిచి పిన్ను కొట్టమన్నాను, అది నేనొక్కదాన్నే చదువుతాను. ఇప్పుడు టెన్షన్ లేదు. ఎడమ పేజీలు మునుపటికన్నా నిండుగానే ఉంటున్నాయి, వాదనలు కూడా బాగా జరుగుతున్నాయి. కానీ “అడిగాను” అనే మాట ఈ రెండేళ్ళలో ఒక్క పేజీలోనూ కనపడలేదు. ఇంటికి వెళ్ళని పుస్తకం తాతని ఏం అడిగిస్తుంది?

మిగతా టీచర్లకి సిఫారసు చేస్తానా అంటే, తొమ్మిదికైతే చేస్తాను. పదో తరగతిలో పెట్టలేదు, పబ్లిక్ పరీక్షల ఒత్తిడిలో నాకే ధైర్యం చాలలేదు. మాది ఒకరినొకరు ఎరిగిన పల్లెటూరు. పిల్లలు ఎక్కడెక్కడినుంచో వచ్చే టౌను స్కూల్లో పుస్తకం ఇంటికి పంపినా నడుస్తుందేమో. నేనైతే ఈ ఏడాది ఒక కథకి మాత్రం, ముందే తల్లిదండ్రుల మీటింగులో చెప్పి, వారం రోజులు పంపి చూద్దామనుకుంటున్నాను. ఏ కథ అన్నది ఇంకా తేల్చుకోలేదు.